ఖాళీ గడి, సున్నా – బోదకాలు లెక్కలు

(మచిలీపట్నంలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పేశారు. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. గుమాస్తాగా చేరి, స్టేట్‌మెంట్లు కన్సాలిడేట్ చేస్తూ సర్వీసంతా గడిపినవాణ్ణి. కనుక మందుల జోలికి ఎక్కువగా పోకుండా, నాకు తెలిసిన రిజిస్టర్ల వైపు నుంచి ఈ విషయం మనవి చేస్తాను.

దోమ వల్ల వచ్చే జబ్బు ఒక ఊళ్ళో ఎలా పాకుతుంది, మనిషి ఒంట్లోని నిరోధక శక్తి దాన్ని ఎంతవరకు ఆపుతుంది అన్నది శాస్త్రజ్ఞులు ఈ రోజుల్లో కంప్యూటరులో ఒక ఊహా గ్రామాన్ని కట్టి లెక్క వేస్తున్నారు. ఆ లెక్కకు ముడిసరుకు మనలాంటివాళ్ళు రాసిన రిజిస్టర్లే. వాటిలో ఎన్ని గడులు ఖాళీగా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఖాళీ గడులతో లెక్క ఎలా కడతారు, కట్టిన లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు, మన ఇళ్ళకు దానితో పని ఏమిటి అన్నవే ఈనాటి విషయాలు. బందరు దోమల గురించి బందరు వాళ్ళకు పరిచయం అక్కరలేదు గాన, డెల్టాలో మనందరికీ తెలిసిన బోదకాలునే ఉదాహరణగా తీసుకుంటాను.

బోదకాలుకు కారణం దారపు పోగులాంటి ఒక పురుగు. మనిషి ఒంట్లో లింఫు నాళాలలో కాపురం ఉంటుంది. అది పెట్టే పిల్లపురుగులు రక్తంలో తిరుగుతాయి. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే డాక్టరు వాటిని మనిషి రక్తంలో చూశాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్, ఆ పిల్లపురుగులు దోమ కడుపులో పెరగడం కనిపెట్టాడు. మన ప్రాంతంలో ఈ పని చేసేది క్యూలెక్స్ దోమ. మురుగు కాలవ, సెప్టిక్ ట్యాంకు, నిలవ ఉన్న మురికి నీరు దాని పుట్టిల్లు. ఈ దోమ రాత్రిపూట కుడుతుంది. విచిత్రమేమంటే, పిల్లపురుగులు కూడా పగలు ఊపిరితిత్తుల వైపు దాక్కుని రాత్రిపూటే పై రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్యశాఖ వాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక వచ్చి తలుపు కొట్టి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటారు. పగటి ఆఫీసు వేళల్లో తీస్తే మన జిల్లాలో రోగమే లేదని తేలుతుంది.

లెక్కలో మొదటి చిక్కు ఆ చుక్క దగ్గరే వస్తుంది. సాధారణంగా గాజు పలక మీద పెట్టే రక్తం 20 ఘన మిల్లీమీటర్లు. అంటే మిల్లీలీటరులో యాభయ్యో వంతు. ఒక మనిషి రక్తంలో మిల్లీలీటరుకు 50 పిల్లపురుగులు ఉన్నాయనుకుందాం. ఆ చుక్కలోకి సగటున ఒకటి రావాలి. సగటున ఒకటి అంటే ఒకసారి రెండు రావచ్చు, ఒకసారి ఒక్కటీ రాకపోవచ్చు. అదృష్టం మీద ఆధారపడిన ఇలాంటి లెక్క వేస్తే, నూటికి 37 సార్లు ఆ చుక్కలో ఏమీ ఉండదు. ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది గనుక ఆ మనిషిలో మోటు లెక్కకు రెండున్నర లక్షల పిల్లపురుగులు తిరుగుతున్నట్టు. రిజిస్టరులో మాత్రం "లేదు" అని పడుతుంది. ఇందులో చుక్క తీసినవాడి తప్పూ లేదు, రాసినవాడి తప్పూ లేదు.

రెండో చిక్కు మా ఇంట్లోనే చూశాను. మా మేనత్త ఒకావిడ దివిసీమలో ఉండేది. చాలా ఏళ్ళు కుడికాలు బోదకాలుతో బాధపడింది. పెళ్ళిళ్ళకు వచ్చేది కాదు. వచ్చినా వంటింటి గడప దాటేది కాదు. అందరూ లోపలికి వెళ్ళాక ఆఖరి బంతిలో కూర్చునేది. ఒక రాత్రి సర్వేవాళ్ళు వచ్చి ఆవిడ రక్తం కూడా తీశారు. ఫలితం "లేదు" అని వచ్చింది. అంత కాలు కళ్ళెదుట ఉండగా రోగం లేదంటారేమిటని మా మామయ్య మండిపడ్డాడు. అసలు సంగతి ఏమంటే, కాలు వాచిన చాలామందికి రక్తంలో పిల్లపురుగులు ఉండవు. ఏళ్ళ తరబడి ఒంట్లోని నిరోధక శక్తి పోరాడిన పోరాటం, పురుగు లింఫు నాళాలకు చేసిన చేటు, ఆ పైన పగుళ్ళ గుండా చేరే సూక్ష్మజీవులు, అన్నీ కలిసి కాలు అలా అవుతుంది. మరోపక్క రక్తం నిండా పిల్లపురుగులు ఉన్నవాడు చాలాసార్లు నిక్షేపంగా తిరుగుతూ ఉంటాడు. అతనికి తెలియదు, ఇంట్లోవాళ్ళకు తెలియదు. దోమలు జబ్బును మోసుకుపోయేది అతని దగ్గర నుంచే. బాధపడే మనిషి లెక్కలోకి రాదు, లెక్కలోకి రావలసినవాడికి బాధ లేదు. కాలువాపు రోగుల జాబితాలు తరువాతి కాలంలో వేరే తయారుచేస్తున్నారు. మా మేనత్త నాటికి అవి లేవు.

ఇక రిజిస్టర్ల సంగతి. "నిల్" అని రాయడానికి, గడి ఖాళీగా వదలడానికి తేడా ఏమిటో మన తరం గుమాస్తాలకు మొదటి నెలలోనే నేర్పేవారు. నిల్ అంటే వెతికితే లేదని అర్థం. ఖాళీ అంటే వెతకలేదనో, కాగితం రాలేదనో అర్థం. ఒక కార్యాలయంలో పై నుంచి ప్రొఫార్మా తొందరగా పంపమంటే, రాని ఊళ్ళకు సున్నాలు వేసేయమన్నారు. నేను గీత పెట్టి రిమార్కుల గడిలో "నివేదిక అందలేదు" అని రాసి పంపాను. కోపాలు వచ్చాయి, సర్దుకున్నాయి. లైఫ్ సర్టిఫికెట్ వేళకు ఇవ్వకపోతే ట్రెజరీవారు మన పెన్షన్ ఆపుతారు గాని, మనం పోయామని రాసుకోరు కదా!

మన డెల్టాలో ఈ ఖాళీలకు చరిత్ర కూడా తోడయింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. 1971 జనాభా లెక్కలో ఉన్న మనుషులను అలాగే పెంచుకుంటూ 1981 దాకా తీసుకువెడతామంటే ఆ ఊళ్ళకు కుదరదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో జిల్లాయే రెండుగా విడిపోయి, బెజవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. "కృష్ణా జిల్లా" అన్న ఒకే పేరు కింద మూడు కాలాల అంకెలు ఒక వరుసలో పేర్చి, కేసులు తగ్గాయనో పెరిగాయనో అనేస్తే అది అర్థం లేని మాట. ముందు మండలాలవారీగా విడదీసి మళ్ళీ కూడాలి. ఇది కంప్యూటరు చెయ్యదు. పాత తాలూకాల సరిహద్దులు గుర్తున్న మనిషి ఎవరో దగ్గర కూర్చోవాలి.

ఖాళీలకు భయపడి లెక్క మానుకోనక్కరలేదని చూపించినవాడు ఒకడున్నాడు. మెక్‌కెండ్రిక్ అని, స్కాట్లండు డాక్టరు. మన దేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేశాడు, కసౌలీలోని పాస్టర్ ఇన్‌స్టిట్యూటుకు అధిపతిగా ఉన్నాడు. 1926లో ఒక వ్యాసంలో మన దేశంలోని ఒక గ్రామంలో వచ్చిన కలరా లెక్క తీసుకున్నాడు. కలరా దోమ జబ్బు కాదు, అయినా ఎత్తు ఒకటే గనుక చెబుతున్నాను. ఆ ఊళ్ళో ఇళ్ళు 223. ఒక్క కేసు వచ్చిన ఇళ్ళు 32, రెండేసి వచ్చినవి 16, మూడేసి వచ్చినవి 6, నాలుగు కేసులు వచ్చిన ఇల్లు 1. ఒక్క కేసూ రాని ఇళ్ళు 168.

మామూలుగా మనం ఏమంటాం? 168 ఇళ్ళు కలరాను తప్పించుకున్నాయంటాం. మెక్‌కెండ్రిక్ అలా అనలేదు. కింది నుంచి పైకి చూడండి: 1, 6, 16, 32. ఈ వరుస పెరుగుతున్న తీరును బట్టి తరువాతి మెట్టు మీద ఎంత ఉండాలి? అతని సూత్రం ప్రకారం, ప్రమాదం అంచున నిజంగా ఉన్న ఇళ్ళు మొత్తం సుమారు 93. వాటిలో కేసులు వచ్చినవి 55. కాబట్టి ప్రమాదంలో ఉండి అదృష్టం కొద్దీ బయటపడ్డ ఇళ్ళు 37, 38. మిగిలిన 130 ఇళ్ళు అసలు ఆ ప్రమాదంలోనే లేవు. వేరే బావి నీళ్ళు తాగినవారో, దూరంగా ఉన్నవారో కావచ్చు. ఒకే సున్నా కింద రెండు రకాల ఇళ్ళు దాగి ఉన్నాయన్నమాట. కాగితం మీద చూస్తే ఇది చిన్న కూడికా, భాగహారమూ. నేను నాలుగుసార్లు వేసి చూసుకున్నాను, వచ్చింది. ఇంత తెలివైన పని గుమాస్తా సరంజామాతోనే చేశాడు గదా అని ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మెక్‌కెండ్రిక్ మరుసటి ఏడు కెర్మాక్ అనే సహచరుడితో కలిసి రాసిన అంటువ్యాధుల సూత్రాలనే మొన్నటి కరోనా రోజుల్లోనూ వాడారు.

దోమల లెక్కకు ఆద్యుడు రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రాస్ గురించి పిల్లల పుస్తకాలలో ఉంటుంది. ఆయన లెక్కలు కూడా కట్టాడన్నది అంతగా ప్రచారంలో లేదు. దోమలను చివరిదాకా చంపనక్కరలేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే జబ్బు తనంతట తానే తగ్గిపోతుందని 1911 నాటి తన గ్రంథంలో సమీకరణాలతో చూపించాడు.

ఆ దారినే వచ్చినది బోదకాలు లెక్క. పాండిచ్చేరిలో 1981 నుంచి 1985 దాకా అయిదేళ్ళు అక్కడి దోమల నియంత్రణ పరిశోధనా కేంద్రంవారు మురుగు నీటి మీద, దోమల మీద పట్టణమంతా గట్టి పని చేశారు. అది మొదలుపెట్టక ముందు, ముగిశాక జనం రక్తం పరీక్షించారు. తరువాత ఆ కేంద్రం వారు, హాలండులో రోటర్‌డామ్‌లోని ఎరాస్మస్ విశ్వవిద్యాలయం వారు కలిసి లింఫాసిమ్ అనే కంప్యూటరు కార్యక్రమం తయారుచేశారు. కంప్యూటరులో ఒక ఊరు కడతారు. అందులో మనుషులు పుడతారు, పెరుగుతారు, పోతారు. ఒకరిని దోమలు ఎక్కువ కుడతాయి, ఒకరిని తక్కువ. ఒకరి ఒంట్లో నిరోధక శక్తి గట్టిది, మరొకరిది మెతక. పురుగు ఎన్నాళ్ళు బతుకుతుంది, ఎన్ని పిల్లలను పెడుతుంది అన్నవాటికి అంకెలు పెట్టి ఆడిస్తారు. కంప్యూటరు ఊరిలో కూడా రక్తపు చుక్క తీస్తారు. ఆ ఊరి రిజిస్టరు, పాండిచ్చేరి అసలు రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూస్తారు. పొసగకపోతే అంకెలు మార్చి మళ్ళీ ఆడిస్తారు. చుక్కలో తప్పిపోయే పురుగుల సంగతి ముందే చెప్పానుగదా, ఆ తప్పిపోవడాన్ని కూడా ఊహా గ్రామంలో పెడతారు. అది నాకు బాగా నచ్చింది.

2004లో ప్రచురించిన వారి పరిశీలనలో 5071 మంది రక్త ఫలితాలు ఉన్నాయి. చిన్నపిల్లల్లో పిల్లపురుగులు ఉన్నవారు తక్కువ, వయసు వచ్చేకొద్దీ పెరిగి, పెద్దవయసులో మళ్ళీ తగ్గుతారు. నిరోధక శక్తి అన్నది లేదనుకుని ఊరిని ఆడిస్తే ఆ వంపు సరిగ్గా రాలేదు. నిరోధక శక్తిని పెడితేనే వచ్చింది. అయితే ఆ శక్తి దోమ దించిన కొత్త పురుగులను రాకుండా ఆపుతోందా, లేక లోపల ఉన్న పెద్ద పురుగు పిల్లలను పెట్టకుండా ఆపుతోందా? రెండు విధాలా ఆడించారు. రెండూ చక్కగానే సరిపోయాయి. అయిదువేలమంది లెక్క ఉన్నా ఏది నిజమో ఆ లెక్క తేల్చలేదు, వాళ్ళూ తేలిందని రాయలేదు. "నివేదిక అందలేదు" అని రిమార్కుల గడిలో రాసేవాడికి ఆ నిజాయితీ విలువ తెలుస్తుంది.

ఆ లెక్కలో తేలినవీ ఉన్నాయి. పెద్దపురుగు ఆయుర్దాయం సగటున పదేళ్ళు. కొత్తగా పురుగు సోకడం ఆగిపోతే మనిషిలోని నిరోధక శక్తి కూడా సుమారు పదేళ్ళలో సగానికి పడిపోతుంది. ఈ రెండో మాట మనలాంటి పెద్దవాళ్ళు కొంచెం ఆలోచించాలి. "చిన్నప్పటి నుంచీ కుట్టించుకున్నాం, మాకేమీ కాదు" అనేవారు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. ఒకప్పటి శక్తి శాశ్వత ఆస్తి అనుకోవడానికి ఆ లెక్క ఒప్పుకోదు. ఇక మన మనవలకైతే, జబ్బు తగ్గిన కాలంలో పుట్టారు గనుక ఆ పాటి శక్తి కూడా ఉండదని నాకు అర్థమైన సంగతి. దోమలు మాత్రం అలాగే ఉన్నాయి. గుడివాడ మిత్రులు కాలవలు కట్టేసిన వేసవిలో గుంటల్లో నిలిచిన నీళ్ళ మీద దోమ ఎలా లేస్తుందో నాకంటే బాగా చెప్పగలరు.

ఇప్పుడు మాత్రల సంగతి. బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మందు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో తయారై, 1947లో హెట్రజాన్ పేరుతో బయటికి వచ్చింది. ఆయన 1895లో భీమవరంలో పుట్టినవాడు. మన పక్క జిల్లా బిడ్డ ఇచ్చిన మందును మన పక్కవాళ్ళే కిటికీలోంచి పారేస్తుంటే నాకు మనసు కష్టంగా ఉంటుంది. 2004 నుంచి దేశంలో వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి అందరికీ ఈ మాత్రలు పంచే కార్యక్రమం చేపట్టారు. తరువాత ఆల్బెండజోల్ కలిపారు. 2018 నుంచి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చారు. నిర్మూలనకు మొదట 2015 గడువు పెట్టారు. అది దాటింది, మళ్ళీ పెట్టారు, అదీ దాటింది. ఇప్పటి గడువు 2027.

గడువులు ఎందుకు దాటుతున్నాయి? కారణాలు చాలా ఉండవచ్చు. లెక్కలు చూపించే ఒక కారణం మాత్రం ఈ చింతపిక్కలతో చూపిస్తాను. ఈ సంచిలో నూరు పిక్కలు ఉన్నాయి. ఒక్కో పిక్క ఒక మనిషి. మొత్తం జనాభాలో నూటికి 65 మంది మాత్ర మింగాలి, అలా కనీసం అయిదేళ్ళు జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లెక్క. సరే, ఏటా 65 మంది మింగారు, 35 మంది మింగలేదు. మింగనివాళ్ళు ఏటా వేరువేరు మనుషులనుకోండి. పిక్కలు కలిపి తీస్తూ పోతే, అయిదేళ్ళూ తప్పించుకునే పిక్క నూటిలో ఒక్కటైనా దొరకడం కష్టం. వెయ్యిమందిలో అయిదుగురు తేలతారు. అలాకాక, ఏటా ఆ 35 మందే మింగలేదనుకోండి. అయిదేళ్ళ తరువాత వెయ్యికి 350 మంది మాత్ర ముట్టనివాళ్ళు మిగులుతారు. రెండు ఊళ్ళ స్టేట్‌మెంట్లలోనూ "65 శాతం" అనే ఉంటుంది. నేను రెండింటినీ కన్సాలిడేట్ చేస్తే ఒకే గడిలో ఒకే అంకె వేస్తాను. ఒక ఊళ్ళో జబ్బు పోతుంది, రెండో ఊళ్ళో దోమలకు మళ్ళీ మేత దొరుకుతుంది. ఎవరు మింగారు అన్న గడి ఏ ఏడుకాయేడు మొత్తాల్లో కనిపించదు. కంప్యూటరు ఊహా గ్రామాల్లో ఈ తేడాకు ఎంత విలువ పెట్టాలన్నది ఈ పని చేసేవారికి పెద్ద సమస్య.

ఆ 35 మంది ఎవరు? వలస వెళ్ళినవారు, రాత్రి డ్యూటీవాళ్ళు, భయస్తులు, చదువుకున్నవాళ్ళు. మరి మనమో? "నాకు బి.పి. ఉంది, షుగరు ఉంది, ఇప్పటికే రోజుకు ఆరు మాత్రలు మింగుతున్నాను" అంటాం. బి.పి., షుగరు ఉన్నంత మాత్రాన ఈ మాత్రలు మానుకోనక్కరలేదని ప్రభుత్వ వైద్యులు చెబుతున్నారు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు. అనుమానం ఉన్నవారు తమ డాక్టరును అడిగి వేసుకోవచ్చు. కొందరికి మాత్ర వేసుకున్నాక జ్వరం, తలనొప్పి వస్తాయి. పురుగులు చచ్చేటప్పుడు ఒంట్లో జరిగే అలజడి అది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఒకటి మాత్రం గట్టిగా మనవి చేస్తాను. మింగకపోతే మింగలేదనే చెప్పండి. ఆశ కార్యకర్త మొహమాటానికి "వేసుకున్నామమ్మా" అని మాత్రలు గూట్లో పెట్టేస్తే, ఆ అమ్మాయి ఒకటి అని రాస్తుంది. ఖాళీ గడినైనా మెక్‌కెండ్రిక్ లాంటివాడు ఎలాగో పూరిస్తాడు. అబద్ధపు అంకెను ఏ కంప్యూటరూ కనిపెట్టలేదు. రాత్రి చుక్క కోసం వస్తే వేలు ఇవ్వండి. ఇప్పుడు పగలే వేలిచుక్కతో పెద్దపురుగు జాడ చూపే కార్డు పరీక్ష కూడా వచ్చింది. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి ఒక జాలీ గుడ్డ కట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పటికే కాలు వాచినవారు ఇళ్ళలో ఉంటే, రోజుకు రెండుసార్లు సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు మెత్తగా తుడిచి ఆరనివ్వాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. పగుళ్ళకు, పుళ్ళకు వెంటనే మందు వాడాలి. ఇంత మాత్రంతోనే మాటిమాటికీ వచ్చే జ్వరాలూ, వాపు పోట్లూ బాగా తగ్గుతాయి. మా మేనత్తకు ఈ మాట చెప్పినవారు ఆ రోజుల్లో ఎవరూ లేరు. మీ వీధిలో అలాంటివారు ఉంటే వారి పేరు ఆశ కార్యకర్త జాబితాలో ఉందో లేదో అడగండి. లేకపోతే రాయించండి. ఈ పని చెయ్యడానికి మన దగ్గర తీరిక ఉంది, రిజిస్టరు చదవడం వచ్చు.

భోజనాలకు వేళయిందని కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. చింతపిక్కల సంచి ఈ బల్ల మీదే ఉంచుతున్నాను. నమ్మకం కుదరనివారు భోజనమయ్యాక కూర్చుని అయిదు సార్లు తీసి చూడవచ్చు. తీసిన పిక్కలను మళ్ళీ సంచిలో వేసి బాగా కలపడం మరచిపోకండి.